పుట్టినవారును వచ్చినవారును

లోకమున నెవ్వరును పరీక్షింపక నమ్మెడి విశ్వాసములు కొన్ని కలవు. ఒక దేశమున బుట్టి పెరిగినవానికి ఆ దేశమును గూర్చి తెలిసినంత, నిన్న మొన్న వచ్చినవానికి తెలియదనుట అట్టివానిలో నొకటి. తల్లిని గూర్చి బిడ్డకు వేఱొకరు చెప్పవలెనా యని యడుగుదురు. ఉపమానము వినుట కింపుగానే యున్నది. కాని బిడ్డ తల్లి ముఖమును, కంఠమును, చేతివంటను ఎఱుగునే గాని, ఆమె పుట్టినింట నేమి చదివెనో, ఏ కష్టముల కోర్చి సంసారమును నిలిపెనో, పెద్దవాడై యడిగి తెలిసికొన్నగాని యెఱుగడు. చాలమంది యెన్నడు నడుగనే యడుగరు. తల్లి పోయిన పిమ్మట పాతపెట్టెలోని కాగితములు చూచి యాశ్చర్యపడుదురు. దేశము విషయమునను ఇట్లే జరుగుచున్నదని మా యభిప్రాయము.

ఈ విచారమునకు మమ్ము పురికొల్పినది యొక చిన్న సంగతి. మా వీథిలోని యొక పెద్దమ్మగారు ఆఱేడేండ్లుగా అమెరికాలో కుమారుని యొద్ద నుండి, క్రిందటి వేసవిలో ఊరు చూచుటకు వచ్చిరి. ఆమె తిరిగి వెళ్లగనే యచ్చటి పౌరసత్వపు పరీక్షకు కూర్చుండవలసి యున్నది. అందుచేత ప్రశ్నల పుస్తకమొకటి వెంట తెచ్చుకొని, ప్రతిసాయంకాలమును మా యింటి యరుగుమీద కూర్చుండి, ఇంగ్లీషు మాటల యుచ్చారణమును మా చేత సరిచేయించుకొనెడివారు. ఆ దేశపు శాసనసభలెన్ని, ఉన్నత న్యాయస్థానమున న్యాయాధిపతు లెందఱు, బానిసలకు విముక్తి ప్రకటించిన యధ్యక్షు డెవడు అను ప్రశ్నలను, కూరలు తరుగుచు గూడ వల్లించుచుండెడివారు. ఒకనాడు పుస్తకము మూసి, "పంతులుగారూ, ఈ ప్రశ్నలనే మన దేశమును గూర్చి యడిగినచో నేనొక్కటియు చెప్పలేను. ఏబదియైదేండ్లు ఇక్కడనే యుంటిని గదా! మీరైన చెప్పగలరా?" అని యడిగిరి. అడుగుడమ్మా యంటిమి. రాజ్యసభ సభ్యుల నెవరెన్నుకొందురని యడిగిరి, చెప్పితిమి. "మంచిది. మన యూరి చెఱువు నెవరు త్రవ్వించిరి? గుడిముందఱి రాతిమీద నేమి వ్రాసియున్నది?" అని యడిగిరి. ఆ రాతిమీద చిన్ననాడు కూర్చుండి చింతకాయలు తిన్నవారమే గాని, దాని వ్రాతను చదువుటకు మే మొక్కనాడును యత్నింపలేదు. ఇరువదియేండ్లుగా బడిలో చరిత్ర బోధించుచున్న మాకు నోట మాట రాలేదు.

ఆ రాత్రి మేము రెండు ప్రశ్నలను గూర్చి యాలోచించితిమి. దేశమును గూర్చిన యెఱుక పుట్టుకతో వచ్చునా? రానిచో, ఎఱుక లేనివానికి దేశముపై హక్కు లేదనవచ్చునా? ఈ రెండింటికిని అమెరికా సంయుక్త రాష్ట్రముల చరిత్రయందు సమాధానములు దొరకుచున్నవి. పుట్టినవారిని, వచ్చినవారిని ఒకే త్రాసున తూచుటకు ఆ దేశమువా రెన్నో విధముల యత్నించిరి. అందు మంచియు కలదు, మహాపాపమును కలదు.

ఆ దేశపు రాజ్యాంగము 1787లో వ్రాయబడెను. 1790లోనే పరదేశీయులను పౌరులుగా చేర్చుకొనుటకు శాసనమొకటి పుట్టెను. రెండేండ్లు నివసించి, సత్ప్రవర్తన గలవాడై, రాజ్యాంగమునకు బద్ధుడనని ప్రమాణము చేసిన చాలును. ఈ గడువు 1795లో ఐదేండ్లును, 1798లో పదునాలుగేండ్లును అయి, 1802లో మరల ఐదేండ్లకు దిగెను. వచ్చినవాడు చదువుకొన్నవాడా, ఆ దేశపు చరిత్ర యెఱిగినవాడా యని శాసన మడుగలేదు. అది యడిగిన దొక్కటే: అతడు స్వతంత్రుడైన తెల్లవాడై యుండవలెను. అంతర్యుద్ధానంతరము, 1870లో, ఆఫ్రికా సంతతివారికి గూడ నీ ద్వారము తెఱువబడెను. ఆసియావాసులకు మాత్రము మూసియే యుండెను.

పౌరసత్వ మిచ్చు పని చిరకాలము ఆయా ప్రాంతముల న్యాయస్థానముల చేతిలో నుండెను. ఒక్కొక్క చోట నొక్కొక్క పద్ధతి. ఎన్నికలు సమీపించినప్పుడు పెద్ద పట్టణములలో పార్టీలవారు కొత్తగా వచ్చినవారిని గుంపులుగా తోలుకొనిపోయి, ఒక్కదినముననే పౌరులను జేసి ఓట్లు వేయించుకొనుటయు కలదు. ఈ యక్రమమును మాన్పుటకై 1906లో కొత్త శాసనము వచ్చెను. దానివలన ఇంగ్లీషు మాటలాడ నేర్చుట యవశ్యమయ్యెను. న్యాయాధిపతులును, పరీక్షకులును, రాజ్యాంగమును గూర్చి కొన్ని ప్రశ్నలడుగు నాచారము బలపడెను. పగలంతయు కర్మాగారములలో పనిచేసి వచ్చిన యిటలీవారు, పోలండువారు, రష్యా యూదులు, రాత్రి బడులలో పిల్లల బల్లలమీద నొదిగి కూర్చుండి, వాషింగ్టను, లింకనుల కథలను కూడబలుకుకొని చదువసాగిరి. తుదకు 1950లో, కమ్యూనిస్టుల భయము ప్రబలియున్న దినములలో, ఇంగ్లీషు చదువుటయు వ్రాయుటయు, దేశచరిత్రమును ప్రభుత్వ స్వరూపమును ఎఱిగియుండుటయు పౌరసత్వమున కావశ్యకములని శాసనము చేయబడెను. 2008లో ఏర్పడిన పద్ధతినిబట్టి నూఱు ప్రశ్నలు ముందుగానే ప్రకటింపబడెడివి. పరీక్షకు డందుండి పది వఱకు నడుగగా ఆఱింటికి సరిగా చెప్పినవాడు గెలుపొందెడివాడు. 2025 అక్టోబరు 20 నుండి దరఖాస్తు చేసికొన్నవారికి ఆ నూఱును 128 అయినవి; ఇరువదింట పండ్రెండు చెప్పవలెను.

ఇట్లు వచ్చినవానికి పరీక్ష యేర్పడినది. పుట్టినవాని సంగతి యేమి? పుట్టినవానికి పరీక్ష లేదు. 1868లో చేయబడిన పదునాలుగవ సవరణము ప్రకారము ఆ గడ్డపై బుట్టుటయే యతని యర్హత. ఐనను, అవే ప్రశ్నలను పుట్టినవారి నడిగిన నెట్లుండునో చూతమని కొందఱికి తోచెను. 2012లో ఒహాయో రాష్ట్రములోని జేవియరు విశ్వవిద్యాలయమువా రట్లే యడిగించిరి. స్వదేశమున బుట్టినవారిలో మువ్వురి కొకరు తప్పిరి. వలసవచ్చి పరీక్ష కేగినవారిలోనో, నూటికి 97 మందికి పైగా గెలుపొందుచుండిరి. 2018లో ఉడ్రో విల్సను పేర వెలసిన యొక విద్యాసంస్థవారు వేయిమంది పౌరులను పరీక్షింపగా, నూటికి 36 మంది మాత్రమే గట్టెక్కిరి. అందును 65 ఏండ్లు దాటినవారిలో నూటికి 74 మందియు, 45 ఏండ్లకు లోబడినవారిలో 19 మందియు గెలిచిరి. ఆ దేశ నిర్మాతలలో నొకడైన బెంజమిన్ ఫ్రాంక్లిను విద్యుద్దీపమును కనిపెట్టెనని చెప్పినవారు నూటికి 37 మంది!

ఈ యంకెలను చూచి నవ్వుట సులభము. కాని న్యాయముగా విచారింపవలెను. పరీక్షకు పోవువాడు నెలల తరబడి చదివి పోవును. పుట్టినవానిని మనము దారిలో నాపి హఠాత్తుగా నడిగితిమి. మొదటివానికి తప్పిన నష్టము కలదు. రెండవవానికి తప్పినను పోవున దేమియు లేదు. కావున వచ్చినవారు బుద్ధిమంతులనియు, పుట్టినవారు మూఢులనియు ఈ యంకెల వలన తేలదు. తేలున దొక్కటి: దేశజ్ఞానము గాలితోను నీటితోను ఒంటికి పట్టునది కాదు. వృద్ధులును యువకులును ఆ మట్టిమీదనే పుట్టిరి గదా! అట్లయ్యును వారి మధ్య నింతటి వ్యత్యాసము కనబడుచున్నది. పుట్టుకయే గురువైనచో నీ భేద మేల కలుగును? చదివినవానికి తెలియును, చదువనివానికి తెలియదు, చదివి మఱచినవానికిని తెలియదు. ఇది చూచియే కాబోలు, 2015లో అరిజోనా రాష్ట్రమువారు, ఉన్నత పాఠశాలనుండి బయటపడు ప్రతివిద్యార్థియు వలసవచ్చినవా రిచ్చెడి పరీక్షలోని ప్రశ్నలకే యుత్తరము చెప్పవలెనని మొట్టమొదట శాసించిరి. తరువాత మఱికొన్ని రాష్ట్రము లీ మార్గమునే త్రొక్కినవి. వచ్చినవాని పుస్తకము పుట్టినవానికి పాఠ్యగ్రంథమయ్యెను.

ఐతే ప్రశ్నల పుస్తకములో నున్నదే దేశమా? కాదు. సముద్రతీరమున నుండు రైతు గాలి మాఱుటను బట్టి వానను చెప్పును. దాని నే పరీక్షకుడు నడుగడు. మన పెండ్లిలో నేమాట కెవరు నవ్వుదురో, చావింట నెవరు ముందుగా నోరు విప్పుదురో, పుస్తకము చదివి వచ్చినవానికి పదియేండ్లకును బోధపడదు. ఇది పుట్టినవాని సొత్తు. దీనిని తక్కువ చేయరాదు. కాని యీ సొత్తునకు నొక లోపము కలదు. అలవాటైన దానిని కన్ను చూడదు. ప్రతిదినము నడచు వీథిలోని దుర్గంధము ఆ వీథివానికి తెలియదు. పొరుగూరివాడు ముక్కు మూసికొనును.

ఈ మాటకు నిదర్శనముగా జేకబు రీసు చరిత్రము చెప్పదగియున్నది. అతడు డెన్మార్కున 1849లో బుట్టి, 1870లో అమెరికాకు వచ్చెను. పని దొరకక, తిండి లేక, న్యూయార్కు పోలీసుఠాణాలలో దిక్కులేనివారికై యేర్పఱచిన మురికి గదులలో పరుండెను. తరువాత వార్తాహరుడై అదే పట్టణపు పేదల యిరుకిండ్లను రేయింబవళ్లు తిరిగి చూచెను. వెలుతురు చొరని గదులు, ఒక్క గదిలో రెండు మూడు కుటుంబములు, ఆ గదిలోనే బట్టలు కుట్టు పిల్లలు: వీనినన్నిటిని ఛాయాపటములతో గూడ 1890లో నొక గ్రంథముగా ప్రకటించెను. పట్టణములో సగము జనుల బ్రతుకు మిగిలిన సగమునకు తెలియదని దాని సారాంశము. ఆ పట్టణముననే తరతరములుగా నున్న ధనవంతులు దానిని చదివి నివ్వెఱపోయిరి. వారి యిండ్లకు నా సందులకు నడుమ దూరము కొన్ని వీథులు మాత్రమే! పోలీసు కమిషనరుగా నున్న థియొడోరు రూజ్వెల్టు రీసుతో గూడి రాత్రులు తిరిగి చూచి, 1896లో ఆ ఠాణా గదులను మూయించెను. 1901లో పేదల యిండ్లకు గాలియు వెలుతురును విధిగా నుండవలెనని న్యూయార్కు రాష్ట్రము శాసించెను. రీసు దోషరహితుడు కాడు. ఇతర జాతులవారిని గూర్చి యతడు వ్రాసిన మాటలు కొన్ని నేడు చదువుటకు కష్టముగా నుండును. ఐనను, పుట్టినవారు చూడని దానిని వచ్చినవాడు చూచి చూపెననుట నిజము.

ఇంతవఱకు మొదటి ప్రశ్న. ఎఱుక పుట్టుకతో రాదని తేలినది. ఇక రెండవ ప్రశ్న కఠినమైనది. ఎఱుకయే హక్కునకు మూలమని యొప్పుకొందమా? చదువుకొన్నవారికి ఈ మాట తియ్యగా నుండును. తెలియనివారి యోటు దేశమునకు చేటని మన యరుగులమీద గూడ వినబడుచునే యుండును. అట్లనువారు అమెరికా చరిత్రలోని మఱియొక యధ్యాయమును చదువవలెను.

ఆ దేశము నిజముగా జ్ఞానమునకే పౌరసత్వ మిచ్చుచుండినచో, తకావో ఒజావాకు దాని నీయవలసియుండెను. అతడు జపానున బుట్టి, యౌవనారంభమున అమెరికాకు వచ్చి, బర్కిలీలోని ఉన్నత పాఠశాలలో చదువు ముగించి, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున దాదాపు మూడేండ్లు చదివెను. ఇరువదియేండ్లు ఎడతెగక అచ్చట నివసించెను. ఇంట ఇంగ్లీషే మాటలాడుచు, బిడ్డలను అమెరికను బడులకే పంపెను. 1922లో అత్యున్నత న్యాయస్థానము అతడు శీలమునందును విద్యయందును మిగుల నర్హుడని యొప్పుకొని, తెల్లవాడు కాడు గనుక పౌరసత్వము లేదని తీర్పుచెప్పెను. కొలది నెలలకే, 1923లో, పంజాబునుండి వచ్చిన భగత్‌సింగ్ థిందు వ్యాజ్యెము వచ్చెను. అతడు మొదటి ప్రపంచ యుద్ధకాలమున ఆ దేశపు సేనలో చేరినవాడు. అతనికిని అదే తీర్పు. అంతకుముందు పౌరులుగా చేర్చుకొన్న యితర భారతీయుల పౌరసత్వమును గూడ నీ తీర్పు నాధారముగా చేసికొని లాగివేసిరి. మనవారి కా ద్వారము 1946లోగాని తెఱువబడలేదు. అప్పుడును ఏటికి నూర్గురు మాత్రమే రావలెనని నియమము. నేడు వేలకొలది తెలుగు కుటుంబము లా దేశమున పౌరులై యున్నవన్నచో, ఎవరి యవమానములు దాటి యా మార్గ మేర్పడినదో వారు తమ బిడ్డలకు చెప్పవలెను.

వచ్చినవాని కిట్లు జరుగగా, పుట్టినవారిలోనే నల్లవారికి జరిగినది యింకను ఘోరము. 1890లో మిసిసిపీ రాష్ట్రమువారు కొత్త రాజ్యాంగమును వ్రాసికొనిరి. ఓటరు కాగోరువాడు రాష్ట్ర రాజ్యాంగములోని యే భాగమునైనను చదువగలిగియుండవలెను. లేదా చదివి వినిపించినప్పుడు గ్రహించి తగిన యర్థము చెప్పవలెను. మాటలు చూచిన నెంత న్యాయముగా నున్నవి! తెలిసినవానికే ఓటని గదా యర్థము. కాని చెప్పిన యర్థము తగినదో కాదో నిర్ణయించువాడు తెల్ల గుమాస్తా. తెల్లవాడు తడబడినను తగినదే; నల్ల ఉపాధ్యాయుడు విపులముగా చెప్పినను తగనిదే. తెల్లవారిలోని నిరక్షరాస్యుల గతి యేమని సందేహము కలుగగా, 1898లో లూయిసియానావా రొక యుపాయము పన్నిరి. 1867 జనవరి 1 నాటికి తానుగాని, తన తండ్రిగాని, తాతగాని ఓటరైయుండినచో ఆ మనుష్యునికి చదువు పరీక్ష లేదు. ఆ నాటికి నల్లవాని తాత దాసుడో, దాస్యమునుండి క్రొత్తగా విడివడినవాడో! ఈ తాతగారి నిబంధనను 1915లో అత్యున్నత న్యాయస్థానము కొట్టివేసెను గాని, చదువు పరీక్షలు 1965 నాటి ఓటుహక్కుల శాసనము వఱకును నిలిచి, పుట్టినవారినే పరాయివారిని జేసెను. ఆ మట్టికి మొదటి సంతానమైన ఆదివాసులలో చాలమందికి గూడ 1924లోగాని పౌరసత్వము రాలేదనుట యిచ్చట స్మరింపదగును.

ఈ వృత్తాంతములో ఒక వింత కలదు. ఆ దేశమును మిక్కిలి లోతుగా నెఱిగినవారిలో నొకడు ఫ్రెడరికు డగ్లసు. మేరీలాండులో బానిసగా బుట్టి, చాటుమాటుగా చదువు నేర్చి, 1838లో తప్పించుకొనిపోయిన మహనీయుడు. 1852లో స్వాతంత్ర్యదినోత్సవమును గూర్చి ప్రసంగింపుమని రాచెస్టరు పట్టణమున తన్ను పిలిచినప్పుడు, ఈ పండుగ మీదే గాని మాది కాదని వారి ముఖముననే చెప్పి, వారి రాజ్యాంగమునే వారికి పాఠము చెప్పెను. ఐదేండ్లకు, 1857లో, అత్యున్నత న్యాయస్థానము నల్లవారు పౌరులే కాజాలరని తీర్పిచ్చెను. ఎఱిగినవానికి హక్కు లేదు. హక్కు గలవారికి ఎఱుక లేదు. జ్ఞానమును హక్కునకు కావలివానిగా నిలిపినచోట, ఆ కావలివాడు ఎల్లప్పుడును బలవంతుని జీతగాడే యగుచున్నాడు.

ఇట్టి చరిత్ర నెఱిగినవారికి మన రాజ్యాంగ నిర్మాతల సాహసము బోధపడును. 1951 జనాభా లెక్కలనాడు మన దేశమున అక్షరాస్యులు నూటికి 18 మందే. అట్లయ్యును 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము, 21 ఏండ్లు నిండిన ప్రతివారికిని, స్త్రీపురుష భేదము లేక, చదువు పరీక్ష లేక, ఓటు నిచ్చెను. ఆ వయస్సు 1989లో 18కి తగ్గింపబడెను. 1951–52లో జరిగిన మొదటి యెన్నికలకు పట్టికలు వ్రాయునప్పుడు, ముఖ్యముగా ఉత్తర మధ్య రాష్ట్రములలో, లక్షలకొలది స్త్రీలు తమ పేరు చెప్పక, ఫలానావారి భార్యయనియో ఫలానావారి కూతురనియో చెప్పిరి. పేరు లేని పేర్లను పట్టికలో నుంచరాదని దాదాపు 28 లక్షల స్త్రీలను తొలగింపవలసి వచ్చెను. వారిక్కడ బుట్టినవారే. వారి పేరు వారికి తెలియక కాదు. పేరు చెప్పదగినవార మను నెఱుక వారికి కలిగింపబడలేదు. ఆ తప్పు వారిది కాదు, వారి యిండ్లలోని పురుషులది. కావున మేము చెప్పున దిది: హక్కు ముందు, ఎఱుక తరువాత. కాని తరువాత యన్నది ఎన్నటికిని కాదని యర్థము చేసికొనరాదు. హక్కును ఉచితముగా పొందినవాడు ఎఱుకను ఋణముగా మోయుచున్నాడు.

మన తెలుగుదేశమున నీ ఋణ మెట్లున్నది? అమరావతిలో ధరణికోట చెంత నొక పెద్ద దిబ్బ యుండెను. ఊరివారు దానిని దీపాలదిన్నె యనెడివారు. అది వేయేండ్లకు పైబడిన బౌద్ధస్తూపమని వారిలో నెవ్వరికిని తెలియదు. పదునెనిమిదవ శతాబ్దాంతమున జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రినాయనివారు కొత్త పట్టణము కట్టించుచు, ఇటుకలకును రాళ్లకును ఆ దిబ్బను త్రవ్వించిరి. 1797లో ఆ వార్త విని స్కాట్లండువాడైన కాలిన్ మెకంజీ చూడవచ్చెను. మరల 1816లో వచ్చి ఆ శిల్పములకు చిత్రములు వ్రాయించెను. ఆ చిత్రములే లేకున్న, తరువాత పగిలి సున్నమైన రాళ్ల రూపము నేడు మన కెవ్వరికిని తెలియకుండెడిది. మన గ్రామముల కైఫీయతులను సేకరించినవాడు నతడే.

ఐతే యిచ్చట తొందరపడి పరాయివానికి సాష్టాంగపడ నక్కఱలేదు. మెకంజీ కూలికై వలసవచ్చినవాడు కాడు. ఏలుటకు వచ్చిన కంపెనీ యుద్యోగి. నేలను కొలుచుట పన్నుల కొఱకును గదా! ఆ శిల్పములలో ననేకములు సముద్రముదాటి లండను చేరుటయు నా యెఱుక ఫలమే. మఱియు అతనికి తెలుగు రాదు. అతనికి కన్నులును నోరును నైనవారు కావలి వేంకట బొఱ్ఱయ్యయు, లక్ష్మయ్య మున్నగు నతని సోదరులును. ఊరూర గ్రామకరణములు తమ కవిలెలు విప్పి చెప్పగా వారు వ్రాయించిరి. ఎఱుక యంతయు ఇక్కడనే యుండెను. కరణము పెట్టెలో నుండెను, ముసలివారి నోట నుండెను. వచ్చినవాడు తెచ్చిన దేమి? ప్రశ్న యొక్కటియే. మనవారికి తెలియక కాదు, మనవారిని మనవా రడుగలేదు.

అడిగిన మనవారును లేకపోలేదు. వారిలో ననేకులు తెలుగునేలకు దూరముగా నుండి యడిగినవారగుట విచారింపదగినది. కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు కృష్ణామండలమున బుట్టి, నాగపురమున మహారాష్ట్రుల నడుమ విద్య నేర్చిరి. ఆ ప్రాంతమున జరుగు చరిత్ర పరిశోధన చూచిన కన్నులతో తెలుగువారి లోటును కనుగొని, 1906లో విజ్ఞానచంద్రికా మండలి స్థాపనమునకు ముఖ్యులైరి. ఆ మండలి తొలి ప్రకటనలలో నొకటి గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వ్రాసిన లింకను చరిత్రము. ఆ మండలి పక్షముననే చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము 1910 నుండి వెలువడెను. లక్ష్మణరావుగారి సోదరి భండారు అచ్చమాంబగారు బడి ముఖ మెఱుగరు. తమ్ముని సాయమున ఇంటనే చదువు నేర్చి, భర్తతో మధ్యపరగణాలలో కాపురముండి, స్త్రీలు విద్యకు తగరను మాటకు ప్రత్యుత్తరముగా అబలా సచ్చరిత్రరత్నమాలను వ్రాసిరి. దూరము వారికి ప్రశ్న నిచ్చినది. దూరము పోని మనకు ప్రశ్న యెట్లు వచ్చును? మన మిచ్చటనే యుండి, వచ్చినవారివలె చూడ నేర్చుకొనవలెను. వేఱు మార్గము లేదు.

ఇందుకు ప్రభుత్వపు పరీక్ష వలదు. అది యెట్టి చేతులలో పడునో చూచితిమి. గృహమే దీనికి తగిన పాఠశాల. రాత్రి భోజనమైన పిమ్మట వారమున కొక్కనాడు ఇంటిల్లిపాదియు కూర్చుండి, మన రాష్ట్ర శాసనసభలో మన యూరి ప్రతినిధి యెవరు, గ్రామపంచాయతికి సొమ్మెక్కడనుండి వచ్చుచున్నది, మన చెఱువునకు నీరే కాలువది, మన నాయనమ్మ మొదటి యోటు నెప్పుడు వేసెను, మన యింటికి నాలుగు తరముల క్రింద మన వారెక్కడనుండి వచ్చిరి అని యొకరి నొకరు ప్రశ్నించుకొనవచ్చును. ఈ కడపటి ప్రశ్న మిక్కిలి ముఖ్యము. అడుగుచుపోయిన, తరతరములుగా ఇచ్చటనే పుట్టితిమని చెప్పుకొను కుటుంబములలో ననేకము లొకనాడు కఱవునకో, కొలువునకో, కోడలిగానో వచ్చినవే యని తేలును. ప్రతియింటను వచ్చినవా రుందురు. కోడలు వచ్చిన నాడు అత్తవారి యాచారములు, బంధువుల పేర్లు, దేవుని గదిలోని వస్తువు లన్నియు నేర్చుకొనును. ఆ యింట బుట్టిన కొడుకునకు వానిలో సగమును తెలియవు. అయినను ఇంటి సంగతులందు మాట యెవరిదై యున్నది? ఈ యన్యాయము నెఱిగిన గృహస్థుడు, వలసవచ్చినవాని పట్ల లోకము చేయు నన్యాయమును తేలికగా గ్రహించును.

పెద్దమ్మగారు తిరిగి వెళ్లి పరీక్షలో గెలుపొందినట్లు కుమారుని చేత ఫోనులో చెప్పించిరి. తరువాత తామే ఫోను తీసికొని, "రాతి సంగతి యేమైనది, పంతులుగారూ?" అని యడిగిరి. అంతకు ముందటి యాదివారమే మేము బడిపిల్లల నలువురను వెంటబెట్టుకొని పోయి, నాచు గోకి, నీటితో కడిగి, పిండి యద్ది చూచితిమి. మొదటి పంక్తిలో స్వస్తిశ్రీ యను నక్షరములు మాత్రము మాకు దొరకినవి. మిగిలినవి యరిగియున్నవి, పాతలిపి నెఱిగినవారికి దాని ప్రతి నంపితిమి. అంతమాత్రమే తెలిసెనని సిగ్గుపడుచు చెప్పగా, ఆమె, "రెండు మాటలైనను మొన్నటికంటె నెక్కువే గదా. తక్కినది తెలిసిన నాడు నాకు చెప్పుడు" అనిరి. ఆమె పరీక్ష ముగిసినది. మాది యిప్పుడే మొదలైనది.